‘ణ’కి గుడి పెడితేనే ప్రేమకథ అవుతుందా?

తెలుగు కథల యాప్‌లు, వెబ్ పత్రికలు నడుపుతున్న సంపాదకులకు విశాఖపట్నం నుంచి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేస్తాను. పగలంతా షిప్పింగ్ బిల్లులు, కంటైనర్ నంబర్లు, కస్టమ్స్ కాగితాలు. రాత్రి భోజనాలయ్యాక డాబా మీదికి వెళ్ళి ఫోన్లో కథలు రాస్తాను. ఇద్దరు మగవాళ్ళ మధ్య ప్రేమకథలు. స్వలింగ సంబంధాలని నేరంగా చూసిన 377వ సెక్షన్, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ళకి వర్తించదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన వారంలోనే మొదటి కథ ఆన్‌లైన్లో పెట్టాను. అప్పటినుంచి ఏ కథకీ ఒక్క రూపాయి తీసుకోలేదు. తీసుకోను కూడా. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు జరిగిన సంగతి ఒకటి మీ దృష్టికి తేవాలి.

మీలో ఒకరు నడిపే యాప్‌లో జరిగిందిది. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటివి ఆ ఒక్క చోటే జరగడం లేదు. నాలాగా రాసే మిగతావాళ్ళని కదిపితే ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో ఉదంతం ఉంది.

నా కథ ఒకటుంది. హుద్‌హుద్ తుఫాను నాటి కథ. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్ళెవరికీ వర్ణించి చెప్పక్కర్లేదు. లాసన్స్ బే కాలనీలో మూడో అంతస్తు గదిలో ఇద్దరు అద్దెకుంటారు, శీను, రమణ. ఒకడు మందుల కంపెనీ రిప్రజెంటేటివ్, ఇంకొకడు స్కూల్లో డ్రిల్లు మాస్టారు. గాలికి సముద్రం వైపు కిటికీ అద్దం పగిలి లోపలికి కొడుతుంది. శీను బీరువాని తోసుకెళ్ళి కిటికీకి అడ్డంపెట్టి, గాలి తగ్గేదాకా దానికి వీపు ఆనించి నిలబడతాడు. రాత్రికి కరెంటు లేదు, ఫోన్లో సిగ్నల్ లేదు. కొవ్వొత్తి వెలుగులో రమణ, శీను జుట్టులో ఇరుక్కున్న గాజు పెంకులు ఒక్కొక్కటే ఏరి స్టీలు పళ్ళెంలో వేస్తుంటాడు. పెంకు పడ్డప్పుడల్లా చిన్న చప్పుడు. ఆ చప్పుళ్ళ మధ్యే ఇద్దరూ ఎన్నాళ్ళనుంచో మింగుకుంటూ వచ్చిన మాట చెప్పుకుంటారు. కథంతటిలో ఒకరినొకరు తాకేది ఆ ఒక్క చోటే. పొద్దున్నే బిందె పట్టుకుని, కూలిన చెట్లు దాటుకుంటూ నీళ్ళకోసం బయల్దేరతారు. అక్కడితో కథ అయిపోతుంది.

దాన్ని ‘ప్రేమ’ విభాగంలో పెట్టాను. పదకొండు రోజులుంది. పన్నెండో రోజు పొద్దున తెరిచి చూస్తే లేదు. ‘అశ్లీలం, మార్గదర్శకాలకు విరుద్ధం’ అని ఒక్క వాక్యం వచ్చింది. ఏ పేరా? ఏ మాట? మూడుసార్లు రాశాను. ‘మీ ఫిర్యాదు అందింది’ అని మూడుసార్లూ యంత్రమే జవాబిచ్చింది. 2021లో వచ్చినప్పుడు ఐటీ నిబంధనలు, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలనీ 15 రోజుల్లో తేల్చాలనీ పెట్టాయి. అందినట్టు చెప్పారు, తేల్చింది మాత్రం లేదు.

రెండు నెలల తర్వాత ఒక పాఠకురాలు లింకు పంపారు, ‘ఇది మీ కథ కాదూ?’ అని. అదే యాప్, అదే ‘ప్రేమ’ విభాగం. అదే తుఫాను, అదే బీరువా, అదే స్టీలు పళ్ళెం. ఎవరో నా కథని కాపీ చేసుకుని రమణని రమణి చేశారు. ‘ణ’కి గుడి పెట్టారు. గది పంచుకున్న స్నేహితుల్ని కొత్తగా పెళ్ళైన జంట చేశారు. ‘ఏరాడు’ ‘ఏరింది’ అయింది, ‘నవ్వాడు’ ‘నవ్వింది’ అయింది. వాళ్ళ కన్ను తప్పిపోయింది ఒక్క చోటే. వేలికి పెంకు గుచ్చుకున్నప్పుడు రమణి ‘అమ్మా’ అన్నాడు. ఆ ‘డు’ చూసి చాలాసేపు ఫోను అలాగే పట్టుకుని కూర్చుండిపోయాను. అన్ని చోట్లా చెరిపేసినా నా రమణ అక్కడొక మూల ఇంకా ఉన్నాడనిపించింది.

కథ పోయిందని ఈ ఉత్తరం రాయడం లేదు. ఉచితంగా పెట్టేవాటికి ఈ బెడద ఎప్పుడూ ఉంది. ధర లేకపోతే ఎవరిదీ కాదని కొందరి లెక్క. కాపీరైటు చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు రాసినవాళ్ళది, అమ్మినా, ఊరికే ఇచ్చినా. ఆ సంగతి విడిగా చూసుకుంటాను. మిమ్మల్ని అడిగేది వేరు. గాజు పెంకులు ఏరే ఆ పేరా రమణి చేస్తే ప్రేమ అయింది. అక్షరం పొల్లుపోకుండా అదే పని రమణ చేస్తే అశ్లీలం ఎలా అయింది?

దీనికి మూలం మాటల్లోనే ఉందనుకుంటాను. మన పత్రికలు మాలాంటివాళ్ళ గురించి రాసినప్పుడల్లా ‘స్వలింగ సంపర్కులు’ అంటాయి. సంపర్కం అనగానే చదివేవాడి మనసు ఎక్కడికి పోతుందో మీకు తెలియనిది కాదు. మొగుడూపెళ్ళాల గురించి వార్త రాస్తూ వాళ్ళని ‘సంపర్కులు’ అని ఎవరైనా రాస్తారా? ఒకడికి జ్వరమొస్తే ఇంకొకడు రాత్రంతా తడిగుడ్డ మార్చినా, నెలాఖరుకి ఇద్దరూ కూర్చుని అద్దె, పాలు, గ్యాసు లెక్క చూసుకున్నా, ఆ మాట దగ్గరికొచ్చేసరికి అవన్నీ పోయి పడక ఒక్కటే మిగులుతుంది. సినిమాల సంగతి సరేసరి. ‘తేడా’ అన్న ఒక్క మాటకి హాలంతా నవ్వుతుంది. జగదాంబ దగ్గర హాళ్ళలో ఆ నవ్వుల మధ్య కూర్చుని నేనూ నవ్వాను, పక్కనున్న స్నేహితులకి అనుమానం రాకూడదని. ఈ రెండు మాటల మధ్య పెరిగినవాళ్ళే ఇప్పుడు మీ దగ్గర కథలకి జల్లెడ పడుతున్నారు. ఇద్దరు మగవాళ్ళు ఒక గదిలో కనిపించగానే వాళ్ళకి పడకే తోస్తే ఆ తప్పు వాళ్ళొక్కరిదే అనను. కానీ ఆ జల్లెడ మీ చేతిలో ఉంది. దాన్ని మార్చగలిగిందీ మీరే.

నాకు ఈ కథలు రాయడం నేర్పింది తెలుగే. ‘నేను వచ్చాను’, ‘నువ్వు వచ్చావు’ అన్నప్పుడు మన క్రియకి ఆడా మగా లేదు. హిందీలో అలా కుదరదు, ‘నేను వచ్చాను’ అనగానే ఎవరో తేలిపోతుంది. తెలుగులో నేనూ నువ్వూ అనుకున్నంతసేపూ ఎవరు ఎవరినైనా ప్రేమించవచ్చు. చిన్నప్పుడు రేడియోలో పాటలన్నీ అలాగే విన్నాను, ‘నువ్వు’ అన్న చోటల్లా నాకు కావలసిన ముఖం పెట్టుకుని. మొదటి రెండేళ్ళూ నా కథలన్నీ నేను-నువ్వుల్లోనే నడిచాయి. ఆ తర్వాతే ‘వాడు’ అని రాయగలిగాను. వాడు వచ్చాడు. వాడు నా పక్కన కూర్చున్నాడు. ఆ ‘డు’ రాయడానికి నాకు ముప్పై అయిదేళ్ళు పట్టింది. దాన్ని అంత తేలిగ్గా చెరిపేసి పక్కన పెట్టారు చూడండి, అదీ నా బాధ.

పిలుపు దగ్గర ఇంకో చిక్కు. ప్రేమలో ఉన్న ఇద్దరు మగవాళ్ళు ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలి? ‘ఏవండీ’ ఎవరు ఎవరిని అనాలి? చాలా తంటాలు పడి చివరికి మా వీధిలో ఉన్న మాటే తీసుకున్నాను, ‘ఏరా’. కోపానికీ అదే, లాలనకీ అదే, గొంతు మారితే చాలు. ‘ఏరా, తిన్నావా?’ అని ఒకడు రాత్రి పదకొండింటికి షిఫ్టు దిగి వచ్చినవాణ్ణి అడిగితే అందులో ఎంత ఉందో చదివేవాళ్ళకి వెంటనే అర్థమైంది. ఆ వాక్యం కింద వచ్చినన్ని ఉత్తరాలు నాకు ఇంకే వాక్యానికీ రాలేదు.

ఇక ఉచితం ఎందుకంటే.

డిగ్రీ రోజుల్లో ఇలాంటి కథ కోసం నేను వెతకని చోటు లేదు. గ్రంథాలయంలో బీరువా బీరువా చూశాను, ఎవరినీ అడగలేక. దొరికింది ఒక్కటే, సెలూన్లో పాత వారపత్రికల దొంతరలో ఒక డాక్టరు ప్రశ్నలు-జవాబుల శీర్షిక. నాలాంటి కుర్రాడెవరో ఉత్తరం రాశాడు. ‘ఇదొక అలవాటు, పెళ్ళయితే పోతుంది’ అని జవాబు. జుట్టు కత్తిరించుకోవడానికి నా వంతు వచ్చిందని పిలిచినా లేవలేకపోయాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది 1990 మే 17న. నేను ఆ జవాబు చదివేనాటికే పదేళ్ళు దాటింది. ఇలా ‘మార్చేస్తాం’ అనే వైద్యం చేయడం వృత్తి నియమాలను మీరిన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. ఆ సెలూన్లో నాకు డాక్టరు జవాబు బదులు ఒక కథ దొరికి ఉంటే, ఇద్దరు మగవాళ్ళు కలిసి టీ పెట్టుకుని తాగే కథ ఏదైనా సరే, ఆ తర్వాత గడిచిన చాలా ఏళ్ళు ఇంకోలా గడిచేవి. అందుకని నా కథ కావలసినవాళ్ళకి అడ్డం ఉండకూడదనుకున్నాను.

యాభై రూపాయలు లేక చదవలేనివాళ్ళు కొందరే. ఆ యాభై రూపాయల జాడ మిగులుతుందని చదవనివాళ్ళు చాలామంది. యూపీఐలో కడితే ఎవరికి వెళ్ళిందో చిట్టాలో ఉంటుంది. ఖాతా నాన్నతో కలిపి ఉంటే మెసేజ్ నాన్న ఫోనుకి వెళ్తుంది. పుస్తకం తెప్పించుకుంటే పార్సిల్ అమ్మ విప్పుతుంది. లాగిన్ కావాలంటే ఫోన్ నంబరు ఇవ్వాలి, ఆ నంబరు ఇంట్లో అందరిదీ. గాజువాక వైపు నుంచి ఒక కుర్రాడు రాశాడు. వాడి ఫోన్లో వాళ్ళమ్మ సీరియళ్ళు చూస్తుందట. ఒక సాయంత్రం ఆవిడ చేతిలో ఫోను ఉండగా, మీలాంటి యాప్ ఒకటి నా కొత్త కథ పేరునీ మొదటి వాక్యాన్నీ తెర మీద పెట్టింది. ఆవిడ ఏమీ అనలేదు, ఫోను తిరిగి ఇచ్చేసిందట. వాడు ఆ రాత్రి యాప్ తీసేశాడు. మూడు నెలల తర్వాత మళ్ళీ వచ్చి, ‘అన్నా, ఆ కథలో చివరికి ఇద్దరూ బతికే ఉన్నారా? ముందు అది చెప్పు, అప్పుడు చదువుతాను’ అని అడిగాడు.

ఆ ప్రశ్న వాడొక్కడిదే అనుకున్నాను మొదట. కాదు. ఎంతమంది అడిగారో. అప్పటినుంచి ప్రతి కథ మొదట్లోనే రాస్తున్నాను, ‘ఇందులో ఎవరూ చనిపోరు’ అని. సాహిత్యం తెలిసిన మిత్రులు అది కథ పట్టుని పాడుచేస్తుందంటారు. పాడైతే కానివ్వండి. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు స్వలింగ జంటల పెళ్ళికి గుర్తింపు ఇవ్వలేమంది. ఆ రాత్రి నాకొచ్చిన ఉత్తరాల్లో పెళ్ళి ఊసు లేదు. సగంలో ఉన్న నా ధారావాహిక గురించే అందరూ రాశారు, ‘మీరైనా వాళ్ళని విడదీయకండి’ అని. తెల్లవారేదాకా కూర్చుని తర్వాతి భాగం రాసి పెట్టాను. అందులో ఇద్దరూ పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి కుక్కర్ కొనుక్కుంటారు. ఏ గాస్కెట్ సరిపోతుందో కొట్టువాడితో పావుగంట వాదిస్తారు.

ఇలాంటి కథల్లో పడకగది ఉన్నవీ ఉన్నాయి. ఉండనివ్వండి, పెద్దవాళ్ళు చదువుకుంటారు. నేనూ ఒకటి రెండు రాశాను, వాటికి నేనే ‘18 దాటినవారికి’ అని పెట్టాను. నా కథల్లో ప్రేమించుకునేవాళ్ళందరూ 18 దాటినవాళ్ళే. పిల్లలకి తగనివి పిల్లలకి కనబడకూడదన్న విషయంలో మీకూ నాకూ పేచీ లేదు. పేచీ కొలమానం దగ్గర. మీ ‘ప్రేమ’ విభాగంలో మొదటి వరుసలో ఉన్న ధారావాహికలు చదివాను. బలవంతంగా తాళి కట్టి, తలుపు గడియపెట్టి, ఏడుస్తున్న అమ్మాయిని ‘లొంగదీసుకునే’ హీరోలు అందులో ఉన్నారు. వాటికి వయసు ముద్ర లేదు. జుట్టులో గాజు పెంకులు ఏరినవాడి కథకి మాత్రం ‘అశ్లీలం’ ముద్ర పడింది. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు, అశ్లీలాన్ని ఎక్కడో ఒక ముక్క పట్టుకుని చూడకూడదని, మొత్తం రచననీ నేటి సమాజాన్నీ కలిపి చూడాలని చెప్పింది. మొత్తం అక్కర్లేదు, నా కథలో మీకు అభ్యంతరమైన ఆ ఒక్క ముక్కయినా చూపించండి.

చట్టం భయం అని మాత్రం అనకండి. సుప్రీంకోర్టు 377ని తిరిగి నిలబెట్టిన 2013 డిసెంబర్ 11 నుంచి 2018 సెప్టెంబర్ 6 దాకా ఆ భయానికి కారణం ఉండేది, అందుకే నేనూ రాసి దాచుకున్నాను. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377 ఊసే లేదు. పెద్దవాళ్ళిద్దరు ఇష్టపడి ప్రేమించుకోవడం నేరం కానప్పుడు, దాని గురించి రాసిన కథ ఏ నేరం కింద వస్తుంది?

పాఠకులు ఒప్పుకోరంటారా? ఈ గాలి, ఈ నేల చూస్తే నాకు ఆ మాట నమ్మబుద్ధి కాదు. గురజాడ పసిపిల్లల్ని డబ్బుకి పెళ్ళిచేసే ఆచారాన్ని విజయనగరంలో నాటకం కట్టించి ఆడించింది 1892లో. ఎదురుగా కూర్చుని చూసినవాళ్ళలో ఆ ఆచారం పాటించిన ఇళ్ళవాళ్ళు లేకుండా ఉండరు. చలాన్ని తిట్టినవాళ్ళే దిండు కింద దాచుకుని చదివారు. రావిశాస్త్రిగారు ఈ ఊరి కోర్టుల్లో వకీలుగా తిరుగుతూ, సారా కేసుల్లో నలిగిపోయే బీదవాళ్ళని వాళ్ళ భాషతో సహా తెలుగు కథలోకి తీసుకొచ్చారు. 1970లో శ్రీశ్రీ షష్టిపూర్తి సందర్భంగా ఇదే ఊళ్ళో విద్యార్థులు ఒక కరపత్రం పంచారు, ‘రచయితలారా, మీరెటువైపు?’ అని. అది వేరే పోరాటం, దాన్ని అరువు తెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ ప్రశ్న రచయితలనే కాదు, అచ్చువేసేవాళ్ళనీ అడగవలసిందేనని ఈ ఉత్తరం రాస్తుంటే అనిపించింది.

నాకు ప్రత్యేకంగా ఒక అర కట్టించి ఇవ్వమని అడగడం లేదు. ఇంద్రధనుస్సు బొమ్మ పెట్టిన వేరే విభాగం కూడా వద్దు. దాన్ని తెరవడానికే గాజువాక కుర్రాడు భయపడతాడు. ప్రేమకథని ‘ప్రేమ’లోనే ఉంచండి. వయసు ముద్ర వేయాల్సి వస్తే అందులో ఏం జరిగిందో చూసి వేయండి, ఎవరెవరికి జరిగిందో చూసి కాదు. కథ తీసేస్తే ఏ వాక్యానికి తీశారో రాయండి, రాసేది మనిషై ఉండాలి. కథ పేరు తెర మీద పడకుండా ‘కొత్త భాగం వచ్చింది’ అని మాత్రం చూపించే వీలు పెట్టండి. లాగిన్ లేకుండా చదవనివ్వండి. ఇందులో కొన్నిటికి మీ సాంకేతిక నిపుణులు ఒక పూట కూర్చోవాల్సి వస్తుందేమో. కొన్నిటికి అదీ అక్కర్లేదు.

అమ్మాయిల మధ్య ప్రేమ గురించి, ట్రాన్స్ జీవితాల గురించి రాసేవాళ్ళు నాకంటే ఎక్కువ పడుతున్నారు. వాళ్ళ మాట వాళ్ళు చెబితేనే బాగుంటుంది. వాళ్ళు రాసినప్పుడు వాళ్ళకీ యంత్రంతో జవాబివ్వకండి.

ఈ లేఖతో పాటు హుద్‌హుద్ కథని మళ్ళీ పంపుతున్నాను. ఆరు పేజీలు. విభాగం దగ్గర ‘ప్రేమ’ అని పెట్టాను. మొదట్లో ఎప్పటిలాగే ‘ఇందులో ఎవరూ చనిపోరు’ అని ఉంటుంది. రమణ పేరులో ‘ణ’కి గుడి లేదు. చదివాక ఏదో ఒక జవాబు రాయండి.

ఇట్లు,
మీ రచయితల్లో ఒకడు,
విశాఖపట్నం